మ్యాజిక్ డెక్ ఖర్చు తడిసిమోపెడు కాకుండా: 75 కార్డుల లెక్క

మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో పోటీకి దిగే డెక్ అంటే మెయిన్ డెక్ 60 కార్డులు, సైడ్‌బోర్డ్ (గేముల మధ్య మార్చుకునే కార్డులు) 15, మొత్తం 75. నెట్‌లో ఏ టోర్నమెంట్ లిస్టు తెరిచినా పైన మొత్తం ధర కనిపిస్తుంది. 300 డాలర్లు కావచ్చు, 900 కావచ్చు. అది చూసి జనం రెండు రకాలుగా పొరబడతారు. కొందరు మనవల్ల కాదులే అని అక్కడే వదిలేస్తారు. ఇంకొందరు ఒకేసారి అంత పెట్టలేంగానీ నెలకు నాలుగు ప్యాకెట్లు కొంటూ పోదాం, ఎప్పటికో డెక్ తయారవుతుంది అనుకుంటారు. ఎక్కువ డబ్బు పోయేది ఈ రెండోవాళ్లకే. డెక్ మాత్రం తయారవదు.

ఆ పైన కనిపించే అంకె నిజానికి ఖర్చు కాదు, పెట్టుబడి. కొన్న ధరలోంచి రేపు అమ్మితే చేతికొచ్చేది తీసేస్తే మిగిలేదే ఖర్చు. ఈ తేడా పట్టుకుంటే ఏ కార్డు ముందు కొనాలో, దేని జోలికి పోకూడదో చాలావరకు తేలిపోతుంది.

మొదటి అడుగు: నెలవారీ లెక్క

కాగితం మీద మూడు అంకెలు రాసుకోండి: ఎంతకు కొంటారు, అమ్మితే ఎంత వస్తుంది, ఎన్ని నెలలు ఆడతారు. మొదటిదాంట్లోంచి రెండోది తీసేసి మూడోదానితో భాగిస్తే నెల ఖర్చు వస్తుంది.

ఉదాహరణకు ఒక మోడర్న్ డెక్ (మోడర్న్, స్టాండర్డ్ అన్నవి ఫార్మాట్లు, అంటే ఏ కార్డులు చెల్లుతాయో చెప్పే పోటీ రకాలు) 800 డాలర్లకు కొని, రెండేళ్లు ఆడి, 60 శాతానికి అమ్మారనుకోండి. 480 తిరిగొచ్చాయి, 320 పోయాయి, నెలకు 13 డాలర్లు పడింది. స్టాండర్డ్ డెక్ 300కు కొని ఏడాది ఆడారు, రొటేషన్ (పాత సెట్లు చెల్లకుండా పోవడం) దాటాక 60 వచ్చాయి. 240 పోయాయి, నెలకు 20 పడింది. నెలకు 40 డాలర్ల చొప్పున ఏడాదిపాటు ప్యాకెట్లు కొన్నవాళ్లు 480 పెట్టి, వచ్చిన కార్డులన్నీ అమ్మితే 80 చేతికొచ్చిందనుకుందాం. నెలకు 33 డాలర్లు పోయినా డెక్ లేదు. అంకెలు ఉదాహరణకే పెట్టినవైనా, ఈ మూడింటి వరుస మాత్రం చాలాసార్లు ఇలాగే ఉంటుంది.

అమ్మకం ధర వేసేటప్పుడు ఆశ తగ్గించుకోండి. దుకాణానికి అమ్మితే మార్కెట్ ధరలో సుమారు సగం ఇస్తారు, గిరాకీ లేని కార్డుకు అదీ రాదు. నగదు కాకుండా స్టోర్ క్రెడిట్ తీసుకుంటే కొంత ఎక్కువ ఇచ్చే దుకాణాలున్నాయి. నేరుగా ఇంకో ఆటగాడికి అమ్మితే ఎక్కువే వస్తుందిగానీ ఫొటోలు, బేరాలు, పోస్టేజీ, తర్వాత వచ్చే ఫిర్యాదులు అన్నీ మీ నెత్తిన పడతాయి.

రెండో అడుగు: ఫార్మాట్ తేల్చుకోవడం

డెక్ ధరను ముందు నిర్ణయించేది ఫార్మాట్. అంతకంటే ముందు చూడాల్సింది మీ ఊళ్లో, మీ దుకాణంలో ఏ ఫార్మాట్ ఆడుతున్నారన్నది. చుట్టుపక్కల ఎవరూ ఆడని ఫార్మాట్‌లో డెక్ ఎంత చవకైనా దండగే. దుకాణానికి ఫోన్ చేసి, పోయిన నెల ఏయే ఫార్మాట్లు జరిగాయి, సగటున ఎంతమంది వచ్చారు అని అడగండి. పోస్టరు మీద రాసినవన్నీ జరగవు.

స్టాండర్డ్‌లో కొత్త సెట్లే చెల్లుతాయి. 2023లో నియమం మార్చి రెండేళ్ల బదులు సుమారు మూడేళ్లు ఉంచుతున్నారు. కొనే ధర మధ్యస్థంగానే ఉంటుందిగానీ రొటేషన్‌లో సెట్టు బయటికి పోగానే చాలా కార్డుల విలువ పడిపోతుంది. పైగా 2025 నుంచి ఫైనల్ ఫాంటసీ, స్పైడర్‌మ్యాన్ లాంటి బయటి ప్రపంచాల సెట్లు కూడా స్టాండర్డ్‌లోకి వచ్చాయి. సెట్లు పెరిగేకొద్దీ డెక్ మార్చుకోవాల్సిన అవసరమూ పెరుగుతుంది.

పయనీర్‌లో 2012 నాటి రిటర్న్ టు రావ్నికా నుంచి, మోడర్న్‌లో 2003 నాటి ఎయిత్ ఎడిషన్ నుంచి వచ్చిన కార్డులు చెల్లుతాయి. రెండింటికీ రొటేషన్ లేదు. మోడర్న్‌లో గెలిచే డెక్ సాధారణంగా 500 నుంచి 1,000 డాలర్ల మధ్య ఉంటుంది. రొటేషన్ లేదంటే అసలు మార్పే లేదని కాదు. 2021లో మోడర్న్ హొరైజన్స్ 2, 2024లో మోడర్న్ హొరైజన్స్ 3 వచ్చి ఫార్మాట్‌ను తలకిందులు చేశాయి. మూలన పెట్టిన డెక్ మళ్లీ బయటికి తీస్తే చెల్లుతుందిగానీ గెలుస్తుందన్న హామీ లేదు.

లెగసీ, వింటేజ్ అనే పాత కార్డుల ఫార్మాట్ల గురించి ఒక్క మాటే. పాత డ్యుయల్ ల్యాండ్లు (రెండు రంగుల మంత్రాలకు శక్తినిచ్చే ల్యాండ్ కార్డులు) పోటీకి చెల్లేలా చివరిసారి 1994లో రివైజ్డ్ సెట్‌లో అచ్చయ్యాయి. 1996లో పెట్టిన రిజర్వ్‌డ్ లిస్టులో ఉన్నాయి కాబట్టి మళ్లీ వేయరు. సరుకు పెరగదు, ధర అంత తేలిగ్గా దిగదు. మొదటి డెక్‌కి అటువైపు చూడకండి.

చేతిలో డబ్బు తక్కువైతే పాపర్. ఎప్పుడో ఒకప్పుడు కామన్‌గా (అన్నింటికంటే ఎక్కువగా దొరికే రకంగా) అచ్చయిన కార్డులే ఇందులో చెల్లుతాయి. 2019లో దీనికి అధికారికంగా ఒకే చెల్లుబాటు జాబితా వచ్చింది. గెలిచే డెక్ కూడా చాలావరకు 100 డాలర్ల లోపే అయిపోతుంది. చవక కదా అని ఆట తేలికనుకుంటే పొరపాటు. ఎదుటివాళ్లు ఏళ్లతరబడి అదే డెక్ ఆడి చేయి తిరిగినవాళ్లయి ఉంటారు. మా మాట అడిగితే, మీ దగ్గర పాపర్ జరుగుతుంటే మొదటి డెక్ అక్కడే కట్టండి.

కమాండర్ 100 కార్డుల ఆట, బేసిక్ ల్యాండ్లు తప్ప ప్రతి కార్డూ ఒక్కటే ఉండాలి. పోటీ స్థాయిలో దాని లెక్కలే వేరు, చాలాచోట్ల ప్రాక్సీలు (అసలు కార్డుకు బదులు పెట్టే నకళ్లు) ఒప్పుకుంటారు. ఇక్కడ దాన్ని పక్కన పెడదాం.

ప్యాకెట్లు చించితే ఎందుకు గిట్టదు

ఇది మాటల్లో ఎంత చెప్పినా ఎవరూ వినరు, కాబట్టి లెక్కే వేద్దాం. ఒక సెట్‌లో 60 రేర్లు (అరుదైనవి), 20 మిథిక్ రేర్లు (ఇంకా అరుదైనవి) ఉన్నాయనుకోండి. ప్యాకెట్‌లోని రేర్ స్థానంలో ఏడింట ఆరుసార్లు మామూలు రేర్, ఒకసారి మిథిక్ వస్తాయనుకుందాం. అప్పుడు మీకు కావలసిన ఫలానా రేర్ ఒక ప్యాకెట్‌లో దొరికే అవకాశం 70లో ఒకటి. నాలుగు కాపీలు కావాలంటే సగటున 280 ప్యాకెట్లు చించాలి. అదే మిథిక్ అయితే అవకాశం 140లో ఒకటి, నాలుగింటికి 560 ప్యాకెట్లు.

ఇప్పటి ప్లే బూస్టర్ ప్యాకెట్లలో ఒక్కోసారి రెండో రేర్, మూడో రేర్ కూడా పడతాయి, ఆ మేరకు ఈ అంకె తగ్గుతుంది. అయినా ప్యాకెట్ 5 డాలర్లనుకుంటే 280 ప్యాకెట్లకు 1,400 డాలర్లు. అదే కార్డు సింగిల్‌గా (విడి కార్డుగా) 8 డాలర్లుంటే నాలుగూ కలిపి 32. మిగతా 276 ప్యాకెట్లలో పనికొచ్చేవి కూడా వస్తాయి కదా అనవచ్చు. వస్తాయి. కాకపోతే వాటిలో ఎక్కువ భాగం ఎవరూ కొనని రేర్లే, వాటిని కిలోల లెక్కన అమ్ముకోవాలి.

ప్యాకెట్లు చించడంలో సరదా లేదని కాదు. డ్రాఫ్ట్ (అక్కడే ప్యాకెట్లు విప్పి డెక్ కట్టే ఆట) ఆడండి, ఆ డబ్బు సినిమా టికెట్టు ఖాతాలో రాసుకోండి. డెక్ ఖాతాలో రాస్తేనే లెక్క తప్పుతుంది.

మూడో అడుగు: లిస్టు ఎంచుకుని, కొనకముందే ఆడి చూడటం

ఒక్క లిస్టు చూసి కొనొద్దు. గత నెల రోజుల్లో బాగా ఆడిన, ఒకే రకానికి చెందిన లిస్టులు కనీసం ఐదారు పక్కపక్కన పెట్టుకోండి. అన్నింట్లోనూ నాలుగేసి ఉన్న కార్డులు ఆ డెక్‌కి వెన్నెముక. ఒకదాంట్లో రెండు, ఇంకోదాంట్లో సున్నా ఉన్నవి ఆయా ఆటగాళ్ల ఇష్టాలు. వెన్నెముక ముందు కొనండి, ఇష్టాల సంగతి ఆడాక చూసుకోవచ్చు. సైడ్‌బోర్డ్‌కీ ఇదే పద్ధతి. గెలిచినవాడి 15 కార్డులు ఆ టోర్నమెంట్‌లో ఎదురయ్యే డెక్‌ల కోసం పెట్టుకున్నవి. మీ దుకాణానికి వచ్చే పన్నెండుమందిలో ముగ్గురు గ్రేవ్‌యార్డ్ (వాడేసిన కార్డుల కుప్ప) మీద నడిచే డెక్‌లు ఆడుతుంటే మీకు కావలసినవి వేరు.

తర్వాత కనీసం 20 మ్యాచ్‌లు ఉత్తినే ఆడండి. తెల్లకాగితం మీద కార్డులు ప్రింట్ తీసి, పనికిరాని కామన్ కార్డు ముందు పెట్టి స్లీవ్‌లో (ప్లాస్టిక్ తొడుగులో) దూర్చితే సరి. ఇంట్లోనూ, స్నేహితులతోనూ సాధనకు ఇది చాలు. అధికారిక పోటీలో మాత్రం చెల్లదు. అక్కడ ఆట మధ్యలో కార్డు పాడైతే జడ్జి ఇచ్చే ప్రాక్సీ తప్ప ఇంకేదీ ఒప్పుకోరు. స్టాండర్డ్ డెక్ అయితే అరీనా అనే ఆన్‌లైన్ రూపంలో ఆడి చూడవచ్చు. మ్యాజిక్ ఆన్‌లైన్‌కి అద్దెకు కార్డులిచ్చే సర్వీసులున్నాయి, నెల రోజుల అద్దె కడితే మూడు నాలుగు డెక్‌లు రుచి చూడవచ్చు. 700 డాలర్ల డెక్ కొన్న రెండో వారంలో ఈ ఆట నాకు నచ్చలేదని అమ్మితే సగం పోతుంది. అద్దె దానిముందు చిల్లర.

నాలుగో అడుగు: డబ్బు ఎక్కడుందో విడదీసి చూడటం

మోడర్న్‌లో ఎర్ర-తెల్ల బర్న్ (మంత్రాలతో ప్రత్యర్థిని నేరుగా కాల్చే డెక్) తీసుకుందాం. ఇప్పుడది అగ్రస్థానంలో లేదుగానీ లెక్క నేర్చుకోవడానికి ఇంతకంటే సూటి డెక్ లేదు. బాగా తెలిసిన రూపం ఇది: గాబ్లిన్ గైడ్, మొనాస్టరీ స్విఫ్ట్‌స్పియర్, ఐడొలాన్ ఆఫ్ ద గ్రేట్ రెవెల్, లైట్నింగ్ బోల్ట్, లావా స్పైక్, రిఫ్ట్ బోల్ట్, స్క్యూవర్ ద క్రిటిక్స్, బోరోస్ చార్మ్, లైట్నింగ్ హీలిక్స్, సియరింగ్ బ్లేజ్. ఒక్కొక్కటి నాలుగు చొప్పున 40. ల్యాండ్లు 20: ఫెచ్ ల్యాండ్లు (తమను వదులుకుని డెక్‌లోంచి ఇంకో ల్యాండ్‌ను వెతికి తెచ్చేవి) 8, ఇన్‌స్పైరింగ్ వాంటేజ్ 4, సేక్రెడ్ ఫౌండ్రీ 3, సన్‌బేక్డ్ కాన్యన్ 2, మౌంటెన్ 3.

ఈ 40 మంత్రాల్లో ఎక్కువ భాగం కామన్‌లూ అన్‌కామన్‌లే. లైట్నింగ్ బోల్ట్ 1993లో మొదటి సెట్ నుంచీ ఎన్నోసార్లు అచ్చయింది, చవగ్గానే దొరుకుతుంది. కొంచెం బరువైనవి గైడ్, ఐడొలాన్. డెక్ ఖర్చులో సగానికి మించి ఆ 20 ల్యాండ్లలో కూర్చుని ఉంటుంది. ఈ ఒక్క డెక్ సంగతే కాదు, రెండు మూడు రంగుల మోడర్న్ డెక్ ఏది విడదీసినా ల్యాండ్ల వాటా కళ్లకు కొడుతుంది.

కొత్తవాళ్లు ఇక్కడే కత్తెర వేస్తారు. మంత్రాలన్నీ కొని, ఫెచ్ ల్యాండ్ల బదులు మామూలు మౌంటెన్లు పెడతారు. అప్పుడు సియరింగ్ బ్లేజ్ పని చెడుతుంది. ఆ కార్డు మామూలుగా ప్రత్యర్థికి 1, అతని క్రీచర్‌కి 1 డ్యామేజ్ ఇస్తుంది. ఆ టర్న్‌లో మీకు ల్యాండ్ దిగి ఉంటే చెరొక 3 ఇస్తుంది. ఫెచ్ ల్యాండ్ బల్ల మీద ఉంటే ప్రత్యర్థి టర్న్‌లో దాన్ని వదులుకుని మౌంటెన్ తెచ్చి, అతని క్రీచర్‌ను అక్కడికక్కడే కాల్చవచ్చు. మామూలు మౌంటెన్‌తో అది కుదరదు, మీ టర్న్‌లోనే వాడాలి. అంటే ఫెచ్ తీసేస్తే ల్యాండ్ ఒక్కటే మారదు, దానికి ముడిపడ్డ నాలుగు మంత్రాలు కూడా బలహీనపడతాయి. ఫెచ్‌లు లేకుండా ఆడాలనుకుంటే సియరింగ్ బ్లేజ్ కూడా తీసి సియరింగ్ బ్లడ్ పెట్టండి. అది క్రీచర్‌కు 2 డ్యామేజ్ ఇస్తుంది, ఆ టర్న్‌లో క్రీచర్ చస్తే దాని యజమానికి 3 తగులుతుంది, ల్యాండ్‌తో సంబంధం లేదు. ఖాళీ అయిన ఎనిమిది చోట్ల నాలుగు బాటిల్‌ఫీల్డ్ ఫోర్జ్, నాలుగు మౌంటెన్ వేయండి. ఫోర్జ్‌లోంచి ఎరుపో తెలుపో తీసిన ప్రతిసారీ మీకు 1 లైఫ్ పోతుంది. మీకంటే వేగంగా కొట్టే డెక్ ఎదురైతే ఆ నొప్పి తెలుస్తుందిగానీ డెక్ నడుస్తుంది.

ఫెచ్‌లు కొనేటప్పుడు ఇంకో కిటుకుంది. లిస్టులో అరిడ్ మేసా అని ఉంటే అదే కొనాలని లేదు. సేక్రెడ్ ఫౌండ్రీ ఏకకాలంలో మౌంటెన్, ప్లెయిన్స్ రెండూ. కాబట్టి మౌంటెన్‌ను వెతికే స్కాల్డింగ్ టార్న్, బ్లడ్‌స్టెయిన్డ్ మైర్, వుడెడ్ ఫుట్‌హిల్స్ కూడా దాన్ని తెస్తాయి. ప్లెయిన్స్‌ను వెతికే ఫ్లడెడ్ స్ట్రాండ్, విండ్‌స్వెప్ట్ హీత్, మార్ష్ ఫ్లాట్స్ కూడా తెస్తాయి. పది ఫెచ్‌లలో ఏడు పనికొస్తాయన్నమాట. అయితే బర్న్‌లో మామూలు ప్లెయిన్స్ ఉండవు, మౌంటెన్లే ఉంటాయి. ప్లెయిన్స్ వైపువి ఎక్కువైతే ఫౌండ్రీలు అయిపోయాక ఫెచ్ చేతులెత్తేస్తుంది. మౌంటెన్‌ను వెతికే నాలుగు రకాల్లో ఆ రోజు ఏది చవగ్గా ఉంటే అది తీసుకోండి. అరిడ్ మేసా, టార్న్ 2021లో మోడర్న్ హొరైజన్స్ 2లో, మైర్, ఫుట్‌హిల్స్ 2024లో మోడర్న్ హొరైజన్స్ 3లో మళ్లీ అచ్చయ్యాయి, సరుకు బాగానే ఉంది.

కొనే వరుస ఇలా పెట్టుకోండి. మొదటి నెల మంత్రాలు, ఫోర్జ్‌లు, మౌంటెన్లు కొని ఆట మొదలుపెట్టడం. రెండో విడతలో ఫౌండ్రీ, వాంటేజ్. మూడో విడతలో ఫెచ్‌లు, వాటితోపాటే సియరింగ్ బ్లేజ్. ఫెచ్‌లు సగం వచ్చాయని బ్లేజ్ ముందే పెట్టేయకండి. ఆ సగం సగం డెక్ రెండు రకాలుగానూ ఓడిపోతుంది.

బర్న్ తర్వాత అవే రంగుల బోరోస్ ఎనర్జీ లాంటి పెద్ద డెక్‌కి పోవాలనుకున్నా మేసాలు, ఫుట్‌హిల్స్, ఫౌండ్రీలు అందులోకి నేరుగా వెళ్తాయి. అసలైన ఖరీదు అక్కడ ఓసెలాట్ ప్రైడ్, ఫ్లేజ్, అజానీ లాంటి మిథిక్‌లది. ల్యాండ్లు ఏ డెక్‌లోకైనా మారతాయి, మిథిక్‌లు మారవు. అందుకే కాస్త ఎక్కువ పెట్టి కొన్నా ల్యాండ్ మీద డబ్బు నిలుస్తుంది.

ఐదో అడుగు: ఎప్పుడు, ఏ ముద్రణ, ఏ స్థితిలో

కొత్త సెట్ కార్డులు విడుదలకు ముందు, విడుదల వారంలో అత్యధిక ధరలో ఉంటాయి. జనం పెట్టెలు చించేకొద్దీ సరుకు పెరిగి, మూడు నాలుగు వారాలకు చాలావాటి ధర దిగుతుంది. పెద్ద టోర్నమెంట్ జరిగిన శని, ఆదివారాల్లో అస్సలు కొనొద్దు. తెర మీద ఒక కార్డు గెలిస్తే ఆ రాత్రికే ధర ఎగబాకుతుంది, పదిహేను రోజులకు కొంత చల్లబడుతుంది.

నిషేధాల ప్రకటన తేదీలను ముందే చెబుతారు. ఆ తేదీకి ముందు రెండు వారాల్లో, అందరూ తిట్టుకుంటున్న డెక్‌ను కొనకండి. 2024 డిసెంబరు 16న ద వన్ రింగ్‌ను మోడర్న్‌లో నిషేధించారు. 2020 జనవరి నుంచి నిషేధంలో ఉన్న మాక్స్ ఓపల్‌ను అదే రోజు విడుదల చేశారు. ఒకవైపు నాలుగేసి రింగులు కొన్నవాళ్లు నష్టపోయారు, ఇంకోవైపు పెట్టె అడుగున ఓపల్‌లు మరిచిపోయినవాళ్లకు పండగయింది. ఇలాంటివి ఊహించి డబ్బు చేసుకోవాలని చూడకండి. మొత్తం ఖర్చులో నాలుగో వంతుకు మించి ఒకే కార్డు పేరు మీద ఉందంటే ఆ డెక్‌కి ప్రమాదం ఎక్కువని మాత్రం గుర్తు పెట్టుకోండి.

ఒకే కార్డుకు పది రకాల ముద్రణలుంటాయి. ఫ్రేమ్ లేనివి, సంతకాలున్నవి, నంబర్లు వేసినవి. ఆటలో అన్నింటి పనీ ఒకటే. లిస్టు ధర చూపే సైట్ కొన్నిసార్లు ఆ ఆటగాడు ఎంచుకున్న ఖరీదైన ముద్రణ ధరనే చూపిస్తుంది. అన్నింటికీ అతి చవక ముద్రణ పెట్టి మళ్లీ లెక్క వేస్తే మొత్తం ఎంతో కొంత తగ్గుతుంది.

ఫాయిల్ (మెరిసే పూత ఉన్న కార్డు) తీసుకోకండి. ధర సంగతి అటుంచితే, తేమకు ఫాయిల్ వంగుతుంది. డెక్‌లో నాలుగు కార్డులు మాత్రమే విల్లులా వంగి ఉంటే కట్ చేసేటప్పుడు చేతికి తెలిసిపోతుంది, జడ్జి దాన్ని మార్క్‌డ్ కార్డులుగా లెక్కిస్తాడు. అది కొన్ని కార్డులకే ఒక వరుసలో ఉందనిపిస్తే గేమ్ ఓడినట్టే రాస్తారు. విశాఖ, కాకినాడ గాలికి ఈ గొడవ ఇంకా ముందే మొదలవుతుంది. డెక్ బాక్స్‌లో సిలికా జెల్ పొట్లం పడేయండి.

స్థితి విషయానికొస్తే నియర్ మింట్ (దాదాపు కొత్తది) కొనాల్సిన పనిలేదు. లైట్లీ ప్లేడ్ కార్డుకు అంచుల్లో చిన్న తెల్ల గీతలుంటాయి, స్లీవ్‌లో పెడితే కనిపించవు, ధర కొంత తక్కువ. మోడరేట్లీ ప్లేడ్ కూడా ఆడటానికి బాగానే ఉంటుందిగానీ మడత లేదని ఫొటో చూసి నిర్ధారించుకోండి. మడత పడ్డ కార్డు స్లీవ్‌లోంచి కూడా వేలికి తగులుతుంది.

ఆర్డర్ పెట్టేటప్పుడు పోస్టేజీ మీద కన్నేయండి. 30 సెంట్ల కార్డును డాలరున్నర పోస్టేజీతో పదిమంది దగ్గర కొంటే చవక కార్డులే ఖరీదైనవవుతాయి. ముందు ఖరీదైన నాలుగైదు కార్డులు ఎవరి దగ్గర చవకో చూడండి. తర్వాత కామన్లన్నీ ఆ అమ్మకందారుల దగ్గరే, పది సెంట్లు ఎక్కువైనా సరే, తీసుకోండి.

నకిలీలు

చవకబేరం వెనక నకిలీ ఉండొచ్చు, ముఖ్యంగా ఫెచ్‌లు, డ్యుయల్ ల్యాండ్లలో. 20 డాలర్ల కార్డును ఎవరైనా 4కు ఇస్తున్నారంటే అనుమానించండి. 30 రెట్లు, అంతకుమించి పెద్దది చేసే చిన్న భూతద్దం ఒకటి కొనండి, దాని ఖరీదు ఒక ఫెచ్ ధరకంటే తక్కువే. కార్డు వెనకవైపు ఐదు రంగు చుక్కలుంటాయి. వాటిలో ఆకుపచ్చ చుక్కను భూతద్దంలో చూడండి. అసలు కార్డులో, ఆ చుక్కలోని పసుపు మచ్చ దగ్గర, నాలుగు చిన్న ఎర్ర చుక్కలు మూలమట్టం ఆకారంలో, అంటే ఒక వరుస, దాని చివర పక్కకు ఒకటిగా, కనిపిస్తాయి. నకిలీలో అవి చెదిరిపోయో, అసలు లేకుండానో ఉంటాయి. ముందువైపు నల్ల అక్షరాల అంచులు చూడండి. అసలులో అవి గట్టిగా, ఒకే నలుపుతో ఉంటాయి. నకిలీలో అక్షరం కూడా రంగు చుక్కల కలయికగా కనిపిస్తుంది. 2014 నుంచి వచ్చిన సెట్లలో రేర్, మిథిక్‌ల కింద సాధారణంగా కోడిగుడ్డు ఆకారంలో మెరిసే ముద్ర ఉంటుంది. పక్కన తప్పనిసరిగా అదే సెట్‌లోని అసలు కార్డు ఒకటి పెట్టుకుని పోల్చండి. కార్డును వంచి చూసే పరీక్ష పాతదే, చేయకండి. అసలు కార్డు పాడైతే మీదే నష్టం.

ఆరో అడుగు: హైదరాబాద్‌కో విజయవాడకో తెప్పించుకోవడం

కార్డులు అమ్మే సైట్లలో టీసీజీప్లేయర్ ప్రధానంగా అమెరికాలోని కొనుగోలుదారుల కోసం, కార్డ్‌మార్కెట్ యూరప్ వాళ్లకోసం. కాబట్టి అక్కడి ధరలు చూసి ఇక్కడి బడ్జెట్ వేయకండి. విదేశాలకు పంపే దుకాణాల నుంచి తెప్పిస్తే కార్డు ధరకు కొరియర్ కలిపి, ఆ మొత్తం మీద కస్టమ్స్ పన్ను పడుతుంది. గిఫ్ట్ అని రాయిస్తే పన్నుండదన్న చిట్కా 2019 డిసెంబరులో నిబంధన మారినప్పటినుంచీ చెల్లడం లేదు. చిన్న ఆర్డర్లు నాలుగుసార్లు పెట్టే బదులు, తోటి ఆటగాళ్లు ముగ్గురు నలుగురు కలిసి ఒక్క ఆర్డర్ పెట్టుకుంటే కొరియర్ ఖర్చు పంచుకోవచ్చు.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అన్నయ్యో వదినో సెలవులకు వస్తున్నారంటే చాలామందికి అదే దారి. 75 కార్డుల బరువు 135 గ్రాములకు అటూ ఇటూ, ఆవకాయ సీసా ముందు లెక్కలోకి రాదు. వాళ్ల చిరునామాకు కనీసం మూడు వారాల ముందే ఆర్డర్ పెట్టండి. పది మంది అమ్మకందారుల కవర్లు పది రోజుల్లో విడివిడిగా వస్తాయి. రెండు ఎక్కడో ఆగిపోతాయి. ఏ కవరులో ఏం రావాలో జాబితా వాళ్లకు పంపండి, లేకపోతే ఒక ఫెచ్ తగ్గిన సంగతి ఇక్కడ పెట్టె విప్పాకే తెలుస్తుంది. బయటి డెక్ బాక్స్ కాకుండా గట్టి అట్టల మధ్య రబ్బరు బ్యాండు లేకుండా కట్టమని చెప్పండి. రబ్బరు బ్యాండు అంచుల్ని కొరికేస్తుంది.

మర్చిపోయే ఖర్చులు

స్లీవ్‌లు 100 ఉన్న ప్యాకెట్ తీసుకోండి. 75 పోగా మిగిలినవి చిరిగినవాటికి మార్చుకోవడానికి. పోటీల్లో తరచుగా ఆడితే కొన్ని నెలలకే మొత్తం మార్చాల్సి వస్తుంది. సగం పాతవి సగం కొత్తవి కలిపితే మళ్లీ అదే మార్క్‌డ్ కార్డుల గొడవ. కొలత చూడండి. మ్యాజిక్ కార్డు 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 ఎత్తు. చిన్న సైజు స్లీవ్‌లు యుగియో అనే ఇంకో ఆట కార్డుల కోసం చేసినవి, మ్యాజిక్ కార్డు పట్టదు.

ప్రవేశ రుసుము అసలు లెక్కలోకే రాదు చాలామందికి. వారానికి 8 డాలర్ల చొప్పున 50 వారాలు ఆడితే 400. పైన మోడర్న్ డెక్ మీద రెండేళ్లకు పోయిన 320 కంటే ఏడాది రుసుమే ఎక్కువ. డెక్‌లో 60 డాలర్లు మిగుల్చుకోవడానికి ఫెచ్‌లు తీసేసి ఏడాదంతా ఓడిపోయేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. గెలిస్తే వచ్చే స్టోర్ క్రెడిట్ రుసుములో కొంతైనా వెనక్కి తెస్తుంది.

డెక్‌లిస్టు రాసేటప్పుడు 60, 15 లెక్కపెట్టండి. తప్పు లిస్టుకు గేమ్ ఓటమి వేస్తారు, రుసుము కట్టి మొదటి రౌండ్‌లోనే ఒక గేమ్ వదులుకున్నట్టు.

ఏడో అడుగు: అమ్మడం

కొన్న రోజే ఒక షీట్ తెరవండి. కార్డు పేరు, ముద్రణ, స్థితి, కొన్న ధర, తేదీ. మూడు నెలలకోసారి పక్క వరసలో ఇప్పటి ధర రాయండి. స్టాండర్డ్ కార్డులైతే రొటేషన్‌కు మూడు నాలుగు నెలల ముందే, ఇంకా ఆడుతుండగానే, వేరే ఫార్మాట్‌లో పనికిరానివి అమ్మకానికి పెట్టండి. రొటేషన్ వారంలో అందరూ అదే కార్డు పట్టుకుని దుకాణం ముందు నిలబడతారు. మోడర్న్, పయనీర్‌లలోనూ ఆడేవి ఉంచుకోవచ్చు.

నాలుగు కాపీలూ కలిపి సెట్టుగా అమ్మండి. మూడు మిగిలితే వాటిని వదిలించుకోవడం కష్టం, కొనేవాడికి నాలుగోది వెతుక్కునే పని పడుతుంది కాబట్టి బేరం తగ్గిస్తాడు. డెక్ మారుస్తున్నప్పుడు 75 కార్డులూ ఒక్క మొత్తంగా దుకాణానికి ఇచ్చేయకండి. ముందు ల్యాండ్లు తీసి విడిగా కవరులో పెట్టండి, తర్వాత ఖరీదైన మంత్రాలు ఆటగాళ్లకు సెట్లుగా అమ్మండి, మిగిలిన కామన్లు మాత్రం దుకాణానికి ఇచ్చి స్టోర్ క్రెడిట్ తీసుకోండి. ఆ క్రెడిట్‌తో తర్వాతి డెక్ మంత్రాలు కొనవచ్చు. ల్యాండ్ల కవరు ఇంట్లోనే ఉంటుంది.